జట్టా, పచ్చా?

గత జూన్ నెలలో, బడులు తెరచుటకు ఇంకను నాలుగు దినములున్నవనగా, బెజవాడ సత్యనారాయణపురములోని మా వీధిలో ఎదురింటివారు ఇల్లు ఖాళీ చేసి, బందరురోడ్డు మీద ఇంచుమించు పది కిలోమీటర్ల దూరముననున్న పోరంకిలో తాము క్రొత్తగా కొనుక్కొన్న అపార్టుమెంటుకు తరలిపోవుచుండ, వాకిట నిలిచిన ట్రాలీ ఆటోలోనికి బీరువాయు, మంచములును, చుట్టచుట్టిన పరుపులును, చిట్టచివరకు తులసికోటయు ఒకటొకటిగా ఎక్కుచుండ, మా అరుగు మీద కూర్చుండి నేను చూచుచుండినది ఆ సామానును కాదు, ఆ యింటి ముగ్గురు పిల్లలను.

చిన్నవాడు నాలుగేండ్లవాడు. వాడు అప్పటికే ఆటో ముందుసీటులో డ్రైవరు ప్రక్కన ఎక్కి, హారను మ్రోగించుచు పరమానందమున నుండెను. నడిమివాడు ఏడు నిండి ఎనిమిదిలో పడినవాడు. చంకలో క్రికెట్ బ్యాటు ఇరికించుకొని, మెట్టు మీద ముటముటలాడుచు, ఎవరితోను మాటాడక కూర్చుండెను. పెద్దది పదకొండేండ్ల ఆడపిల్ల. ఆమె మాత్రము ఎక్కడను కనబడలేదు. తల్లి రెండు మారులు పేరెత్తి పిలిచినను పలుకలేదు. ఆ పిల్ల మా పెరటిలో, మా ప్రక్కవాటా అమ్మాయితో కలిసి వామనగుంటల పీట ముందు కూర్చుండి యున్నదని నాకు తెలియును. ఐనను నేను చెప్పలేదు.

"పిల్లలకేముందండీ మాస్టారూ! అక్కడ అపార్టుమెంటు నిండా పిల్లలే. నాలుగు రోజులు పోతే ఈ వీధి పేరు కూడా గుర్తుండదు వీళ్లకి," అనెను వారి తండ్రి, మెడ మీది తువాలుతో చెమట తుడుచుకొనుచు.

ఆయన మాట నాలుగేండ్లవాని విషయమున అక్షరాల నిజము. ఏడేండ్లవాని విషయమున సగము నిజము. పదకొండేండ్లదాని విషయమున శుద్ధ అబద్ధము. స్నేహమనునది ఒక్కటే వస్తువనియు, అంగడిలోని చొక్కా వలె అది పెద్దలకు పెద్ద కొలతలోను పిల్లలకు చిన్న కొలతలోను దొరకుననియు మనమందరము అనుకొందుము. నలువదియేండ్లు బడిపిల్లల నడుమ గడపిన మీదట నాకు తోచినదేమనగా, వయసుతోపాటు కొలతయే కాక బట్టయే మారిపోవుచుండును. ఈ సంగతిని పాశ్చాత్య పండితులు గడచిన నూరేండ్లలో గ్రంథముల కెక్కించిరి. మన వీధిపిల్లలు మాత్రము దానిని ఎన్నడో తమ మాటలలో భద్రపరచుకొని, తరమునుండి తరమునకు అందించుకొనుచున్నారు. పెద్దలకు ఆ మాటలు వినబడుచునే యుండును, కాని వానిని మాటలుగా మనము లెక్కింపము.

చిన్నవాని సంగతి త్వరగా తేలిపోవును గనుక దానిని ముందు చెప్పెదను. వాడు మా వీధిలో ‘ఆటలో అరటిపండు’. ఈ పలుకుబడి ఎవరు పుట్టించిరో కాని, వారికి నమస్కారము. దాగుడుమూతలలో వాడు స్తంభము ప్రక్కన నిలిచి, తన కన్నులు తానే మూసికొని, ఇక తన్నెవరును చూడజాలరని నమ్ముచుండగా, దొంగ వాని ముందునుండియే పోవుచు "అబ్బే, ఇక్కడెవరూ లేరే" యని పోవును. పంటలు వేయునప్పుడు వాని బుల్లి అరచేయియు అందరి చేతుల నడుమ ఉండును. తీరా దొంగ కావలసిన వంతు వానికి వచ్చినచో ఆ వంతు మరియొకనికి పోవును. వాడు ఔటైనను ఔటు కాడు. ఆట చెడకుండ పసివానిని ఆటలో నిలుపుకొనుటకు పెద్దపిల్లలు చేసికొన్న ఈ యేర్పాటులో ఎంత దయ యున్నదో అంత న్యాయశాస్త్రమును ఉన్నది. అందరకును తెలిసిన రహస్యమొక్కటి అరటిపండునకు మాత్రము తెలియదు: తాను ఆడుట లేదని.

"నీ స్నేహితుడెవడ్రా?" అని ఆనాడు నేను వానిని అడిగితిని. వాడు తడుముకొనక, తన్నెత్తి సీటు మీద కూర్చుండబెట్టిన హమాలీ కుఱ్ఱవానిని చూపెను. "మరి నిన్న ఎవరు?" అంటిని. వాడు కొంత యోచించి, "నిన్న లేదు," అనెను. స్నేహితుడు లేడని వాని భావమో, నిన్న యనునదే లేదని వాని భావమో నాకు తేలలేదు.

అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున పనిచేసిన రాబర్ట్ సెల్మన్ అను మనస్తత్త్వవేత్త, పిల్లలను కూర్చుండబెట్టి కథలు చెప్పి, ప్రశ్నలడిగి, వారి సమాధానములను పరిశీలించి 1980లో ఒక గ్రంథము ప్రకటించెను. అందు ఈ వయసువారి స్నేహము ఆ క్షణపు ఆటతోడు మాత్రమే యని చెప్పబడినది. ప్రక్కనున్నవాడు స్నేహితుడు, వాని యొద్ద మూడుచక్రముల సైకిలున్నచో మరింత స్నేహితుడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు అక్కడి మా బంధువులు, క్రింది వాటావారితో కూడ, మేడ మీద కొన్ని దినములు గడపిరి. అంతకుముందు మెట్ల మీద ఎదురుపడినను పలుకరించుకొనని ఆ రెండు కుటుంబముల పసివాండ్రిద్దరు అరగంటలో ఒక్క కంచమున తినిరట. నీరు తీసిన పిమ్మట మరల ఒకరినొకరు అడుగనే లేదట. ఇది కృతఘ్నత కాదు. ముళ్లపూడి వెంకటరమణ బుడుగును, ప్రక్కింటి సీగానపెసూనాంబను ఎఱిగిన తెలుగువారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ వయసున ప్రక్కిల్లే లోకము.

ఇక మెట్టు మీది బ్యాటు సంగతి.

మా వీధిలో ఆడుకొను మగపిల్లలు పదిమంది, బ్యాటు ఒక్కటి. అది ఈ నడిమివానిది. బ్యాటు ఎవరిదో వానిదే మొదటి బ్యాటింగు. వాడు మొదటి బంతికి ఔటైనచో అది ‘ట్రయల్’. రెండవ బంతికి ఔటైనచో ‘తూచ్’. మూడవదానికి గాని తగవు మొదలు కాదు. ఈ ధర్మమును ఎవరును ప్రశ్నింపరు. ప్రశ్నించినచో బ్యాటు ఇంటికి పోవును. తరలిపోవుటకు ముందునాటి సాయంకాలము ఈ మూడవ బంతి మీదనే తగవు వచ్చినది. ఎదుటివారు "తొండి" యనిరి. వీడు "మీ అందరితో పచ్చి" యనెను. అందుచేత పోవునాడు వీనిని సాగనంపుటకు ఒక్కడును రాలేదు. వీడును వారి గడప తొక్కలేదు.

తెలుగుబాలుని వ్యవహారమున జట్టు, పచ్చి అను రెండు మాటలకు గల స్థానము పెద్దల వ్యవహారమున సంధి, విగ్రహములకు కూడ లేదు. జట్టనగా స్నేహము, ఆటలోని పక్షమును జట్టే. ఈ రెండర్థములు ఒకే మాటలో నుండుట యాదృచ్ఛికమని నేననుకొనను. ఏడెనిమిదేండ్లవానికి స్నేహితుడనగా నా పక్షమున ఆడువాడు, నా మాట చెల్లనిచ్చువాడు. పక్షము మారినచో స్నేహమును మారినట్లే. వ్రేలు చూపి పచ్చి యన్నచో మాటలు కట్టు. ఏ వ్రేలు చూపవలెనన్నది వీధికొక తీరు, కొన్ని వీధులలో దానినే కటీఫ్ అందురు. ఐనను ఆట సాగవలెను గదా! అప్పుడు రాయబారి బయలుదేరును. ఎదురుగ మూడడుగుల దూరమున నిలిచినవానికి వినబడునట్లే, "బంతి ఇవ్వమని వాడితో చెప్పు" అని ఒకడు, "ఇవ్వనని చెప్పు" అని మరియొకడు, ఇద్దరి నడుమ మూడవవాడొకడు వట్టి గోడ వలె నిలిచి యుండును. పడక్కుర్చీలో కూర్చుండి ఈ రాయబారములను వినుట నా సాయంకాల కాలక్షేపము. ఉద్యోగపర్వము కంటె తక్కువ కాదు.

స్విట్జర్లాండు దేశపు జాఁ పియాజే జెనీవా, నూషాటెల్ నగరములలో పిల్లల నడుమ చేరి, తనకు గోళీలాట తెలియనట్లు నటించి, నేర్పుమని వారినే అడిగి, వారు చెప్పిన నియమములను గూర్చి 1932లో ఒక గ్రంథము వెలయించెను. ఏడెనిమిదేండ్ల ప్రాంతమున పిల్లలు ఇద్దరకును ఒకటే నియమముండవలెనని పట్టుబట్టుట మొదలిడుదురనియు, పదేండ్ల ప్రాంతమునకు గాని నియమములను తామే కూర్చుకొని మార్చుకొనవచ్చునను ఎఱుక రాదనియు ఆయన కనుగొనెను. బెజవాడ వీధులలో గోళీల కాలము దాదాపు గడచిపోయినది. ఐనను పియాజేగారు మా అరుగు మీద ఒక్క వేసవి గడపి యుండినచో, ‘తొండి’ యను మాట పిల్లవాని నోట తొలిసారి వెలువడిన నాటినుండి వానికి న్యాయబుద్ధి పుట్టినదని వ్రాసికొని యుండెడివాడు. నాలుగేండ్లవాడు తొండి చేయును గాని తొండి యనలేడు. ఏడేండ్లవాడు ఎదుటివానిది మాత్రమే తొండి యనును. తాను చేసినది కూడ తొండియే యని నవ్వుచు ఒప్పుకొనుటకు ఇంకను మూడు నాలుగేండ్లు పట్టును.

ఒట్టును ఈ వయసుదే. తల మీద చేయి పెట్టి ఒట్టు వేయించుకొనుటయు, పిమ్మట దానిని ‘తీసి గట్టు మీద పెట్టుట’యు. ప్రమాణమును తల మీదినుండి దించి భద్రముగ ఒక ప్రక్కన పెట్టుకొనుటకు వీలున్న ధర్మశాస్త్రము మరియొకటి నాకు తెలియదు.

ఇచ్చట నాకు ఆదిపర్వములోని ద్రోణద్రుపదులు మనసున మెదలుదురు. అగ్నివేశ్యుని యొద్ద కలిసి చదువుకొన్న దినములలో ద్రుపదుడు, తాను రాజైనప్పుడు తన భోగములు నీవి కూడ నగునని మాట యిచ్చెను. పుత్రునకు పాలు కొనజాలని దారిద్ర్యముతో ద్రోణుడు వచ్చి ఆ మాట జ్ఞప్తి చేయగా, రాజునకును పేదకును స్నేహమేమని ద్రుపదుడు త్రోసిపుచ్చెను. ద్రుపదుని దోషము సర్వవిదితము. నేను చదివిన కొలదియు ఇద్దరును నాకు మా వీధి క్రికెట్టుగాండ్ర వలెనే కనబడుచున్నారు. బాల్యపు మాటను ఒకడు అప్పుపత్రము వలె మడచి దాచుకొనెను; రెండవవాడు దానిని తూచ్ అనెను. శిష్యులచేత పట్టి తెప్పించి, రాజ్యమును రెండుగ కోసి, సగము నీకు సగము నాకు, ఇప్పుడు మనమిద్దరము సమానులము గనుక స్నేహితులమని ద్రోణుడు పలికినప్పుడు, అంత మహాస్త్రవేత్తయు ఏడేండ్లవాని తూనిక దాటి రాలేదు. భాగవతములోని కుచేలునకు ఈ తూనిక లేదు. వాడు అడుగవచ్చి అడుగలేకపోయెను. అటుకుల మూటను దాచుకొనుచుండ సహాధ్యాయి లాగికొని తినెను. అది వేరొక వయసు స్నేహము.

ఆ వయసు మా పెరటిలో నున్నది.

పీటకు పదునాలుగు గుంటలు, గుంటకు ఐదేసి చింతపిక్కలు, వెరసి డెబ్బది. ఆ పిల్లలిద్దరును మూడవ తరగతినుండి ఒక బల్ల మీద కూర్చున్నవారు. ఆనాడు వారు ఆట ముగియనిచ్చుట లేదని నేను కొంతసేపటికి గ్రహించితిని. ఒకతె గెలువబోవు తరి రెండవది "ఉండవే, లెక్క తప్పాం" అని పిక్కలన్నియు కలిపివేయును. మరల గుంటకు ఐదేసి పంచుదురు. మాటలు లేవు, కన్నీరును లేదు. పిక్కలు గుంటలలో పడు చప్పుడు మాత్రము.

ఈ వయసును గూర్చి హారీ స్టాక్ సలివన్ అను అమెరికా వైద్యుడు చెప్పిన సంగతి నాకు మిగిలిన పండితుల మాటలకంటె ఎక్కువ నచ్చినది. ఆయన మరణానంతరము 1953లో వెలువడిన గ్రంథమున, ఎనిమిదిన్నర పదేండ్ల నడుమ ఎప్పుడో పిల్లలకు ఒక ప్రాణమిత్రుని అవసరము పుట్టుననియు, అంతవరకు తనకేమి దొరకునని చూచుచుండిన బిడ్డ, ఇతనికి సంతోషము కలుగుటకు నేనేమి చేయవలెనని మొదటి మారు యోచించుననియు ఆయన వ్రాసెను. అందరితో ఆడుట వేరు, ఒక్కరితో ఊరక కూర్చుండుట వేరు. ఈ రెండవది వచ్చినప్పుడు రహస్యములు వచ్చును. అంతకుముందు పిల్లలకు రహస్యము లుండవు, చాడీలు మాత్రమే ఉండును.

మన పిల్లలకు దీనికొక కొలబద్ద కలదు. జామకాయనో మామిడితాండ్రనో పంచుకొనవలసి వచ్చినచో, లంగా అంచును గాని చొక్కా కొసను గాని దాని మీద కప్పి, గుడ్డ మీదినుండి కొరికి, ముక్క చేతిలో పెట్టుదురు. అది కాకెంగిలి, అనగా ఎంగిలి కానట్టి ఎంగిలి. ఏడేండ్ల వయసున గుడ్డ లేకుండ కొరికినచో పెద్ద రభస. ఎనిమిదేండ్లకు కాకెంగిలి చెల్లును. పదకొండేండ్లకు ప్రాణస్నేహితులైనవారు ఆ గుడ్డను తీసివేయుదురు. ఎప్పుడు తీసివేసిరో వారికే తెలియదు. ఒక దినమున ఒకే తేగను ఇద్దరును ఆ కొస నొకరు ఈ కొస నొకరు నమలుచుందురు.

సరిగ ఆ యీడుననే పెద్దలు గుడ్డను మరల తెచ్చి కప్పుదురు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, పామర్రు ప్రాంతపు బడిలో, ఆరవ తరగతి పిల్లలిద్దరు జంట విడువక తిరుగుచుండిరి. ఒకడు ఊరివాడు, రెండవవాడు పేటవాడు. సంక్రాంతి దినములలో ఊరివాడు రెండవవానిని ఇంటికి తీసికొనిపోయెను. ఆ యింటి పెద్దలు తిట్టలేదు, కొట్టలేదు. మర్యాదగ అరిసెలే పెట్టిరి. లోపలివానికి కంచములోను, బయట అరుగు మీదివానికి కాగితములోను. సెలవుల పిమ్మట ఇద్దరును వేరు వేరు బల్లల మీద కూర్చుండిరి. పచ్చి యని ఎవరును వ్రేలు చూపలేదు, రాయబారియు నడువలేదు. ఐదేండ్లవారైనచో అరిసెను మాత్రమే చూచియుందురు. పదకొండేండ్లవారు కాగితమును చూచిరి. పండితుల మెట్లలో ఈ మెట్టు నాకు కనబడలేదు. కృష్ణాడెల్టాలో మాత్రము ఊరూరను కలదు, నేటికిని పూర్తిగ అరుగలేదు. ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని పటమటకు తరలించిన గోరాగారు, కులములు లేని పంక్తిభోజనములను ఉద్యమముగ నడపినది ఇందులకే. ఆయన తన కుమార్తె కొకతెకు మైత్రి యని పేరు పెట్టెను. ఉప్పు సత్యాగ్రహపు కాలమున పుట్టిన కుమారునకు లవణమని పెట్టినవాడు గనుక, ఆ పేరును ఊరక పెట్టి యుండడు.

పదునాలుగు దాటిన పిమ్మట స్నేహము మరల రూపు మార్చును. ఇక్కడ సెల్మన్ గారి కథ నొకదానిని బెజవాడ వేషము వేసి మా వీధిపిల్లలకు చెప్పి చూచితిని. ఒక అమ్మాయి తన పాత నేస్తమునకు శనివారము సాయంకాలము వచ్చెదనని మాట యిచ్చినది, వీధిలోనికి క్రొత్తగ వచ్చిన వేరొక అమ్మాయి అదే సాయంకాలము సర్కసునకు టిక్కెట్టున్నది రమ్మన్నది, ఏమి చేయవలెను? ఆరేండ్లది "సర్కసుకే" యని ఎగిరినది. ఎనిమిదేండ్లవాడు "ముందు ఎవరు పిలిచారు?" అని న్యాయాధిపతి వలె అడిగెను. మన పదకొండేండ్లది చాలసేపు ఊరకుండి, "పాత ఫ్రెండ్ ఎందుకు రమ్మందో? ఏదన్నా చెప్పుకోవాలనేమో," అన్నది. పదవ తరగతి చదువుచున్న పిల్ల నవ్వి, "సర్కసుకే వెళ్లొచ్చు తాతగారూ, ఫోన్ చేసి చెప్తే సరి. అంత ప్రాణస్నేహితురాలు అర్థం చేసుకోదా ఏంటి," అన్నది. అందరికంటె చిన్నదియు, అందరికంటె పెద్దదియు సర్కసునకే పోయిరి. సెల్మన్ కూడ పిల్లలు ఏమి చెప్పిరన్నదానికంటె ఎందుకు చెప్పిరన్నదానినే చూచెను. ఆ రెండు సర్కసుల నడుమ పదేండ్ల పెంపకమున్నది.

ఒకరి నొకరు కట్టివేసికొనక కలిసియుండుట ఈ వయసు విద్య. దానికి మన సీమలో మంచి సాక్ష్యములు కలవు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి యొద్ద సహాధ్యాయులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తిరుపతి వేంకట కవులైరి. 1920లో తిరుపతిశాస్త్రి గతించిన పిమ్మట 1950 వరకు జీవించిన వేంకటశాస్త్రి ఆ జంటపేరును విడువలేదు. ఆయన బందరు హైస్కూలులో పాఠము చెప్పిన పిల్లలలోనుండియే పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు మరియొక జంటగ లేచి, 1932లో సౌందరనందమును వెలయించిరి. గురువు జంటలో ఒకడు, శిష్యులు జంట. బందరు గాలిలో నేమున్నదో! బందరు దాటి చూచినను, బాపు రమణలును మదరాసు బడిలో కలిసిన పిల్లలే గదా. ఇట్టివారి విషయమున, ఇందు ఏది ఎవరిదని అడుగు పాఠకుడు అరటిపండే.

ఆ విద్య నేర్వవలసిన పదునారేండ్ల పిల్లలను నేడు మనమేమి చేయుచున్నామో చెప్పకుండ పోజాలను. మా మేనల్లుని కొడుకు బెజవాడ చెంతనున్న ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివెను, పేరు అనవసరము. వారాంతమున పరీక్ష, ఆ పిమ్మట ర్యాంకుల పట్టిక, కొన్నాళ్లకొకమారు ఆ పట్టికను బట్టి సెక్షన్ల మార్పు. మంచము ప్రక్క మంచము వాడు పై సెక్షనుకు పోవును, గదియు మారును. "వాడు బాగా రాశాడని సంతోషించాలో, వెళ్లిపోతాడని ఏడవాలో తెలిసేది కాదు తాతయ్యా. కొన్నాళ్లకి ఎవరితోనూ పెద్దగా మాట్లాడడం మానేశా," అని వాడు నాతో చెప్పినప్పుడు, వాని వయసు పదునెనిమిది. ఆదివారపు ఔటింగునకు వచ్చిన తలిదండ్రులు చికెన్ బిర్యానీ తెచ్చిరి గాని, నీ నేస్తమెవడని ఎవరును అడుగలేదట. నేనును అడుగలేదు. మాస్టారునై యుండియు, మార్కులెన్ని యనియే అడిగితిని.

ఆటో కదలునప్పటి సంగతి మిగిలియున్నది. హారను మ్రోగుచునే యున్నది. వీధి చివర మలుపు తిరుగుచుండగా, బ్యాటువాని ప్రత్యర్థి, మూడవ బంతికి తొండి యన్నవాడే, ఎక్కడినుండియో పరుగెత్తుకొని వచ్చి, ఒక పాత టెన్నిస్ బంతిని ఆటోలోనికి విసరి, మాటాడక వెనుదిరిగెను. పచ్చి గదా! బంతి పరుపుల నడుమ పడినది. మా నడిమివాడు వెనుకకు చూడలేదు గాని, ఆ బంతిని మాత్రము వెదకి జేబులో పెట్టుకొనెను.

పెద్దదానిని తల్లి పెరటిలోనికి వచ్చి చేయి పట్టుకొని తీసికొనిపోయినది. పీట మీది పిక్కలను ఇద్దరును అంతకుముందే చెరిసగము చేసి రెండు మూటలు కట్టుకొనిరి. ముప్పదియైదు పిక్కలతో ఏ వామనగుంటలును ఆడరాదు. అది వారికి తెలియకపోలేదు.

దసరాకు వారు చూడవచ్చిరి. చిన్నవాడు మా మెట్ల యొద్ద నిలిచి, "ఇది ఎవరిల్లు?" అని వాళ్లమ్మ నడిగెను. నడిమివానికి పోరంకిలో క్రొత్త జట్టు కుదిరినది. అక్కడ ముగ్గురికి బ్యాటులున్నవట, అందుచేత మొదటి బ్యాటింగు పోయినదట. ఆ దుఃఖము మా వీధివారితో చెప్పుకొని, వారితో రెండు ఆటలు ఆడి పోయెను. పెద్దది ఆనాడు రాలేదు. తల్లుల ఫోనులలో వాట్సాప్ సందేశములు నడచుచునే యుండినను, అట్లతద్దికి వచ్చి రాత్రి ఇక్కడనే పడుకొనెదనని ముందే చెప్పి పంపినది. అట్లే వచ్చినది.

తద్దినాడు తెల్లవారుజామున, నాలుగింటికే, వీధిలోని ఆడపిల్లలు చద్దన్నము తిని, ఆకు వక్క వేసికొని, వేపచెట్టు ఉయ్యాల యొద్ద కేకలు పెట్టుచుండగా, వీరిద్దరు మాత్రము మా అరుగు మీద లైటు క్రింద పీట వేసికొని కూర్చుండిరి. నాకు మెలకువ వచ్చినది. కిటికీ తెరచియే యున్నది. పోరంకి పిల్ల తన మూట విప్పి లెక్కపెట్టి, ముఖము చిన్నబుచ్చుకొని, "ముప్ఫై నాలుగే ఉన్నాయే. ఒకటెక్కడో పారేశా. ఎన్నిసార్లు వెతికానో," అన్నది.

రెండవది తన మూటను పీట మీద కుమ్మరించినది. ఒక్కొక్కటిగ ఇద్దరును లెక్కపెట్టిరి. ముప్పదియాఱు.

"ఆ రోజే తీశాను," అన్నదా పిల్ల.

"తొండి!" అన్నది మొదటిది; గుంటకు ఐదేసి పంచుట మొదలిడినది.